లోవమ్మ పేరు మీది చీటీలు

"చనిపోయిన మనిషి నా నిఘంటువులోకి మాటలు చెబుతోందండి," అన్నారు చలపతి మాస్టారు. ఆయన మూడు చీటీలు బల్ల మీద పెట్టారు.

అసిస్టెంటు కీర్తిప్రియకు నవ్వొచ్చింది గానీ, పాపారాజు గారి ముఖం చూసి మింగేసింది. ఆయన రాజమండ్రిలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచి ఈ 1998కి ఆరేళ్లు. భయపడి వచ్చిన మనిషిని చూసి ఆయన ఒక్కసారీ నవ్వలేదు.

బయటి రాష్ట్రాల నుంచి వచ్చి తెలుగు నేర్చుకునేవాళ్ల కోసం మాస్టారు పద్దెనిమిదేళ్లుగా నిఘంటువు కూరుస్తున్నారు. ఆయన పద్ధతి మొండిది. పుస్తకాల్లో చూసిన మాట ఎక్కించరు; మనిషి నోట విన్నదే ఎక్కాలి. మాటకొక చీటీ, వెనక చెప్పినవారి పేరు, ఊరు, తేదీ, వేలిముద్ర.

మూడింటి వెనకా ఒకే పేరు: లోవమ్మ, రావులపాలెం అరటి మార్కెట్. 'దాటు' అన్న మాటకు ఉదాహరణ: ముసలాయన ఈ శుక్రవారం దాటడు. 'మోయు' కింద: నలుగురూ మోసుకెళ్తారు. మూడోది చదివి కీర్తిప్రియ చీటీ బోర్లించేసింది.

"లోవమ్మ పోయి మూడు నెలలైందటండి. సోమవారం నేనే వెళ్లి తెలుసుకుని, ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. మంగళవారం పొద్దున్నే పెట్టెలో ఇవి! శుక్రవారం పుస్తకం ప్రెస్సుకి వెళ్లాలి."

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ మాస్టారింటికి వెళ్లారు. గదినిండా చీటీల పెట్టెలే. ఆయన భార్య సీతారామలక్ష్మి ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బించుకుంది. పదేళ్లుగా ఊళ్లు తిరిగి మాటలు పోగుచేసే శిష్యుడు శశిభూషణ్ ఆవిడకు ధైర్యం చెబుతున్నాడు. శుద్ధప్రతి రాసే ఉమాశ్రీ పెట్టెలకు ఆమడ దూరంలో నిలబడింది.

"ఈ పెట్టెలు ఎవరెవరు ముడతారమ్మా?" అని అడిగారు పాపారాజు గారు.

"మేం నలుగురమేనండి. మంగళవారం నుంచి ఎవరం ముట్టుకోవట్లేదు," అంది ఉమాశ్రీ.

"లోవమ్మ పేరున్నవన్నీ గోదాట్లో కలిపేద్దామంటున్నాడండి మా శశి," అంది సీతారామలక్ష్మి. "అదే మంచిదనిపిస్తోంది."

"అమ్మగారి మనశ్శాంతి కోసమేనండి," అన్నాడు శశిభూషణ్.

పాపారాజు గారు లోవమ్మ కట్ట విప్పి, వెనకవైపులు మాత్రమే చూస్తూ కూర్చున్నారు. కీర్తిప్రియ కూడా తొంగిచూసింది. పాతవాటి మీద వేలిముద్ర చుట్టూ నల్లటి అరటి కర, గెల కోస్తే కారే జిగురు మరక. కొత్తవాటి మీద ముద్రలు కడిగిన చేతితో వేసినంత శుభ్రంగా ఉన్నాయి. ఆమెకేమీ అంతుపట్టలేదు.

"అందరూ ఇలా కూర్చోండి," అన్నారాయన. "ఆత్మ మూడు నెలలు ఊరుకుని, మాస్టారు రావులపాలెం వెళ్లొచ్చిన మర్నాడే మాట్లాడిందేంటండి? ఈ చీటీలు రాసినవాడికి ఆవిడ పోయిందని అప్పుడే తెలిసింది కాబట్టి."

ఆయన లోవమ్మ కట్టను అందరి ముందూ పరిచారు.

"భయపెట్టే చీటీలు మూడే. ఆవిడ పోయాక తేదీలు వేసిన మామూలు చీటీలు మరో నలభై ఉన్నాయి. వాటినెవరూ చూడకుండా గోదాట్లో కలపాలి. ఈ మూడూ పుట్టింది అందుకే. రోజూ గెలలు మోసే చేతికి కర వదలదు. ఈ నలభై మూడింటికీ ఆ మరకే లేదు. పద్ధతి తప్పకూడదని వేలిముద్ర మాత్రం ఎవరో శ్రద్ధగా వేశారు."

ఆయన స్టాంపు ప్యాడు శశిభూషణ్ ముందుకు జరిపారు. "బొటనవేలు వెయ్యండి బాబూ."

శశిభూషణ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఎండల్లో తిరగలేకపోయానండి. ఇంట్లో కూర్చుని రాసేశాను," అన్నాడు తల వంచుకుని.

"ఆ మాటలు ఎక్కడైనా, ఎవరైనా అంటార్రా?" అని అడిగారు మాస్టారు.

"అనరండి. నేనే పుట్టించాను."

"లోవమ్మ పేరు మీదేనా?"

శశిభూషణ్ మిగతా పెట్టెల వైపు చూశాడు.

"ఎన్ని రాశావురా?"

"గుర్తులేదండి."

సీతారామలక్ష్మి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. "మీ ప్రాణానికి గండం లేదు. నాకదే చాలండి."

మాస్టారు గోడ పొడుగునా ఉన్న పెట్టెలకేసి తిరిగారు. పదేళ్ల చీటీల్లో ఏది విన్న మాటో, ఏది పుట్టించిందో ఇక తేల్చేదెలా? కేసు తేలినందుకు కీర్తిప్రియకు మొదటిసారి ఏడుపొచ్చింది.

"ప్రెస్సు వాళ్లకి వద్దని చెప్పమ్మా ఉమా," అన్నారు ఆయన. తర్వాత భార్య వైపు తిరిగారు. "డెబ్బై ఏళ్లొచ్చాయే నాకు. ఇన్ని ఊళ్లూ మళ్లీ ఎప్పుడు తిరగను?"