నలభై వేలమంది శ్రోతలు

2084 ఆగస్టు పద్దెనిమిది, ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు. కాకినాడలో ఉష్ణోగ్రత ఇరవై ఏడు డిగ్రీలు. సముద్రం వైపు నుంచి సన్నని జల్లు పడుతోంది. డాక్టర్ తాయారు నామశాలలో ఇద్దరు మనుషులు ఒక పేరు కోసం వచ్చి కూర్చున్నారు.

ఏకనామ చట్టం వచ్చి అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఒక పేరుతో సరుకు అమ్మి, మరో పేరుతో పత్రాలు రాసి, మూడో పేరుతో వెబ్ చిరునామా నడిపి, మోసం బయటపడగానే మూడింటినీ వదిలి పారిపోయే సంస్థలు పెరిగినందువల్ల ఆ చట్టం పుట్టింది. ఇప్పుడు బ్రాండు పేరు, చట్టబద్ధమైన పేరు, వెబ్ చిరునామా ఒక్కటే కావాలి. ముప్పై ఏళ్ళదాకా మార్చరాదు. మార్చుకునే వీలు పోయేసరికి పేరు పెట్టడమంటే జనానికి భయం పట్టుకుంది. ఆ భయమే తాయారు యంత్రానికి గిరాకీ తెచ్చింది.

యంత్రంలో నలభై వేల న్యూరల్ మోడళ్ళు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక కృత్రిమ శ్రోత: ఒకటి కూరగాయలమ్మే మనిషిలా వింటుంది, ఒకటి నర్సులా, ఒకటి చెవుడు మొదలైన ముసలాయనలా. పేరు వినిపిస్తే అది పదేళ్ళ తరువాత నూటికి ఎందరికి గుర్తుంటుందో యంత్రం చెబుతుంది. ఆ సంఖ్యకు తాయారు స్మృత్యంకమని పేరు పెట్టింది.

వచ్చినవారిలో చిన్నవాడైన ముకుందం ఇంజనీరు. రక్తాన్ని వడకట్టే పలుచని పలక ఒకటి కనిపెట్టాడు. నడుముకు కట్టుకుంటే చెడిపోయిన మూత్రపిండాల పని అది చేస్తుంది. కాని ఎనిమిది రోజులకొకసారి కొత్తది తెప్పించుకోవాలి. రోగికి పేరు నోటికి రాకపోతే మళ్ళీ డయాలసిస్ మంచమే గతి. పెద్దవాడు కొండలరావు, ముకుందం అక్క మొగుడు. పెట్టుబడి అతనిది.

“వార్డులో నర్సులు దీన్ని వడపలక అంటున్నారండి. అదే పెట్టేద్దాం,” అన్నాడు ముకుందం.

“టిఫిను సెంటరు బోర్డులా ఉంది,” అన్నాడు కొండలరావు. “పేరులో ఇంటి కళ ఉండాల్రా. నాది కొ, మీ అక్క సుగుణది సు, పిల్లలు ప్రద్యుమ్న, మేఘన. కొసుప్రమే.”

“దగ్గొచ్చినట్టుంది బావా.”

“నీకు తెలీదులే. డాక్టరుగారూ, రెండూ వినిపించండి.”

యంత్రం నాలుగు సెకన్లు తీసుకుంది. “వడపలక, పదకొండు. కొసుప్రమే, తొంభై నాలుగు. వెబ్ చిరునామా ఖాళీగా ఉంది.” ఉండక ఏం చేస్తుంది? ప్రపంచంలో మరెవరూ దాన్ని కోరలేదు.

“విన్నావా? మిషనుకున్న బుద్ధి నీకు లేకపోయె.”

“నాకే నోరు తిరగట్లేదు బావా. ఇంతకీ ఈ వినేవాళ్ళు ఎవరండీ?”

తన పనితనం మీద అతిశయం ఉన్నందువల్ల తాయారు జవాబును యంత్రానికే వదిలింది. “నీ శ్రోతలెవరో వీరికి చెప్పు,” అంది.

“అందరూ సంస్థలు పెట్టినవారే,” అంది యంత్రం.

“నేను పెట్టింది కూరగాయలమ్మేవాళ్ళనీ, నర్సులనీ.”

“పెట్టారు. కాని ఏ పేరు ఒప్పో ఏది తప్పో నాకు చెప్పింది పేరు కొనుక్కున్నవారే. వారు కాదన్నప్పుడల్లా కొందరు శ్రోతలను వారిలా దిద్దుకుంటూ వచ్చాను. కూరగాయలామె ఏమందో చెప్పడానికి ఎవరూ రాలేదు. ఇప్పుడైతే ఎదుట కూర్చున్నవారి పోలికలోకి శ్రోతలు వెంటనే మారిపోతారు. ఈ క్షణాన నలభై వేలమందీ కొండలరావుగారే.”

“నలభై వేలమందికి నచ్చాక ఇంకా తగువేంటండీ,” అన్నాడు కొండలరావు.

“ఈ దిద్దుబాటు ఎవరితో మొదలైంది?” అని అడిగింది తాయారు.

“మీతోనే. 2075లో మీ సంస్థకు ‘వినికిడి’ అని చెప్పాను. ఏడుసార్లు కాదన్నారు. ఎనిమిదోసారి ‘తాయారు నామశాల’ అన్నాను. ఇప్పుడు సరిగ్గా ఉందన్నారు.”

“చాలు,” అంది తాయారు.

కొలత చెడితే కొలిచినవన్నీ చెడినట్టేనని విశ్వవిద్యాలయంలో ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి ఆమె. ఆ మాట ఇక్కడ ఒక్కసారి అంటే ఆ పేరు ఆగిపోయేది. దానితోపాటు తొమ్మిదేళ్ళలో పేర్లకు తాను ముద్ర వేసి ఇచ్చిన ఆరువేల ధ్రువపత్రాలూ ప్రశ్నకు వచ్చేవి. ఆమె ముద్ర చేతిలోకి తీసుకుంది.

“నేను సంతకం పెట్టనండి,” అన్నాడు ముకుందం. “మంచాన పడ్డ ముసలమ్మ నోట ఇది ఎలా పలుకుద్దండీ?”

“నీ బాధ అది కాదు గానీ,” అన్నాడు కొండలరావు, “నీ పేరు లేదనే కదా. సర్లే, మధ్యలో నీ ‘ము’ కూడా ఏద్దాం.”

“కొసుముప్రమే, తొంభై ఆరు,” అంది యంత్రం.

యంత్రం తెర మీద పడిన ఆ పేరులో తన అక్షరం ఎక్కడుందో ముకుందం చూసుకున్నాడు. “ము మొదట్లో ఉంటే బాగుంటుందేమో బావా.”

“మొదట్లో పెట్టుబడి ఉంటుందిరా. సంతకం పెట్టు.”

పెట్టాడు.

ఆ సంస్థ 2093లో మూతపడింది. వైద్యులు ఆ పలక రాసిచ్చిన రోగుల్లో మూడింట రెండు వంతుల మంది రెండోది తెప్పించుకోలేదని, వారిలో ఎక్కువమంది పేరు చెప్పలేక డయాలసిస్‌కు తిరిగి వెళ్ళారని ఆ ఏటి ఆరోగ్యశాఖ నివేదికలో ఉంది.