పీట మీద కూర్చున్నట్టు

ఆదివారం ఉదయం తొమ్మిదయ్యేసరికి విదేశంలో, వెర్రిబీ అనే ఊళ్ళోని ఆ ఇంట్లో రెండు పనులు కలిసే మొదలవుతాయి. సుబ్బరాజు టీవీలో నిన్నటి ఆట వీడియో పెడతాడు. ఆయన కుర్చీ పక్కనే రత్నకుమారి, పాలకొల్లు నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న టేకు పీట వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది.

ఆ ఆట అమెరికన్ ఫుట్‌బాల్. ఇక్కడివాళ్ళు గ్రిడైరన్ అంటారు. బంతి విసిరేవాడి ముందు ఐదుగురు గోడలా నిలబడి, మీదికొచ్చేవాళ్ళని ఆపుతారు. బంతి పట్టుకుని పరిగెత్తేది వాళ్ళు కాదు, చప్పట్లు వాళ్ళకి కాదు. తప్పు చేసినప్పుడే వాళ్ళు జనానికి కనిపిస్తారు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఐదుగురికీ కోచ్ సుబ్బరాజు. నీళ్ళ శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు గానీ దీన్నించి కాలేదు. ఈలోపు క్లబ్బులో హెడ్ కోచ్‌లు ఏడుగురు మారారు. ఆదివారం ఆయన చేసే పని ఒక్కటే: ప్రతి ఎత్తుకీ ఒక్కొక్కరి కాళ్ళు, నడుము చూసి, కాగితం మీద ప్లస్సో మైనస్సో వెయ్యడం.

"ఎడమ నించి రెండోవాడి మొదటి అడుగు ఎటు పడింది రత్నం?"

"లోపలికి పడిందండి. బయటికి వెయ్యాలి కదా."

"ఆయ్. మరి కుడి చివరోడు?"

"వాడా? పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పీట మీంచి లేచినట్టు లేచాడు. అంత పొడుగ్గా లేస్తే అవతలోడు తొయ్యడూ మరి?"

"మైనస్ వెయ్యి."

కలం పోయినేడాది నుంచి రత్నకుమారి చేతిలోనే ఉంటోంది. "నీ చేతిరాత బావుంటుంది, నువ్వే వెయ్యి" అన్నాడాయన. ప్లస్సుకీ మైనస్సుకీ చేతిరాతేంటని పైకి నవ్వింది గానీ, లోపల మురిసిపోయింది. ఇంటర్‌తో చదువాగిపోయిన తనని ఇన్నేళ్ళకి ఒక మనిషి పక్కన కూచోబెట్టుకుని అభిప్రాయం అడుగుతున్నాడు.

వంటింటి గుమ్మంలో కాఫీ కప్పుతో స్నేహ నిలబడి ఉంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఫిజియో. దగ్గర్లోనే పాయింట్ కుక్‌లో ఉంటుంది. కాసేపట్నించీ టీవీని కాక తండ్రినే చూస్తోంది. వచ్చి రిమోట్ తీసుకుని బొమ్మని ఆపేసింది.

"డాడీ, ఈ చివరి ప్లేయర్ జెర్సీ నంబర్ ఎంత?"

"నంబర్లతో పనేంటమ్మా, చూడాల్సింది కాళ్ళు."

"ఓకే. వాడి సాక్స్ ఏ కలర్?"

సుబ్బరాజు నవ్వబోయి ఆగిపోయాడు.

"లాస్ట్ వీక్ నుంచి గమనిస్తున్నా. నాతో మాట్లాడేటప్పుడు మీరు నా ఫేస్ చూడట్లేదు డాడీ, నా చెవి వైపు చూస్తున్నారు. పక్కనుంచి చూస్తేనే కనిపిస్తోందా? జస్ట్ టెల్ మీ."

సుబ్బరాజు నెమ్మదిగా చెప్పాడు. "మధ్యలో మచ్చలా ఉంటదమ్మా. అంచులు కనపడతాయి. పోయిన చలికాలం డాక్టరుకి చూపించుకున్నాను. ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఇంకా పాడవకుండా ఆపగలరంట, పోయింది మాత్రం రాదంట."

"ఏడాదా? ఈ ఏడాదంతా అమ్మకి కూడా చెప్పలేదా?"

"మోకాలు నొప్పి, కారు నువ్వు నడుపు అన్నారు నాతో," అంది రత్నకుమారి. చేటలోని గింజలు చేతికి తగులుతున్నాయి గానీ ఒలిచే పని ఆగిపోయింది. "వారానికి మూడుసార్లు గ్రౌండు గేటు దాకా దింపి వచ్చాను. నిజంగా మోకాలే అనుకున్నాను."

"టీమ్‌కి తెలియాలి డాడీ. వంద కిలోల వాళ్ళు పరిగెత్తే చోట సైడ్‌లైన్ మీద నిలబడతారు మీరు. ఎవరైనా మీదికి వస్తే మీకు కనిపించదు. మంగళవారం ప్రాక్టీస్‌లో మీరు చెప్పండి. లేకపోతే నేను చెప్తా."

"శనివారం సెమీఫైనల్ ఉందమ్మా."

"అందుకే మంగళవారం."

స్నేహ వెళ్ళేటప్పుడు తండ్రి భుజం మీద చెయ్యేసి చాలాసేపు తియ్యలేదు. ఆమె కారు వీధి మలుపు తిరిగాక రత్నకుమారి నోరు విప్పింది.

"ఆట నేర్పుతున్నారనుకున్నానండీ. నా మాటకి విలువిచ్చి అడుగుతున్నారనుకున్నాను. నా కళ్ళతో మీ పని గడుపుకున్నారన్నమాట."

ఆమె పీట ఎత్తుకుని గరాజ్ వైపు వెళ్ళిపోయింది. ఆ రోజుకి మిగిలిన ఆటకి ప్లస్సులూ మైనస్సులూ ఎవరూ వెయ్యలేదు.

సోమవారం ఇంట్లో అన్నం, చారు, అవసరమైన నాలుగు మాటలు. అంతే.

మంగళవారం సాయంత్రం కారులో ఆయనే మొదలుపెట్టాడు. "క్లబ్బుకి భయపడి దాచలేదు రత్నం."

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నీకు చెప్తే, ఇంక ఆటొద్దు, వీడియో వద్దు అంటావనిపించింది. ఆదివారాలు పోతాయని దాచాను."

గేటు దగ్గర ఆమె ఎప్పటిలా వెనక్కి తిరగలేదు. కారు ఆపి తాళం వేసింది. ఈ గ్రౌండులోకి ఆమె ఒక్కసారే వచ్చింది, ఆయన ఆటగాడిగా ఉన్న ఒకే ఒక్క ఏడాదిలో. ఆరోజు మోకాలు విరిగి స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే చూసి, మళ్ళీ ఈ గడ్డి తొక్కనని ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడు, ఇక్కడ చలికాలమైన జూలైలో, సగం వెలిగిన ఫ్లడ్‌లైట్ల కింద, ఆయన మోచెయ్యి పట్టుకుని నడిచింది. ఆ పట్టులో ఇంకా కోపం ఉంది. ఆయన ఒక్క గుంటలోనూ తడబడలేదు.

దూరంగా నలుగురు భారీ మనుషులు వరసగా వంగి ఉన్నారు. వాళ్ళ ముందు ఇంకా భారీగా ఒకాయన నడుం మీద చేతులు పెట్టుకుని అరుస్తున్నాడు.

"పీట! పీట, బాయ్స్! పీ-టా!"

రత్నకుమారి అడుగు ఆగిపోయింది. "ఏవంటున్నాడండీ ఆయన?"

సుబ్బరాజు తల వంచుకున్నాడు. "నీ పీటే."

ఆ అరిచినాయన పరిగెత్తుకొచ్చాడు. పేరు సియోనే. తాతలది టోంగా దీవి, పుట్టింది ఇక్కడే. లైన్‌లో అందరికంటే సీనియర్. "కోచ్, ఈజ్ దిస్ ఆంటీ?" అని ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె చేతులు అందులో కనబడకుండా పోయాయి. అతని ఇంగ్లీషు గబగబా సాగింది గానీ ఆమెకి అంతా అర్థమైంది. పద్దెనిమిదేళ్ళ వయసులో క్లబ్బులో చేరాడు. ఇప్పుడు ముప్పై మూడు. మొదటి రోజే కోచ్ చెప్పాడట: నడుం దించు, వీపు నిటారుగా పెట్టు, కూరలు తరుగుతూ మా ఆవిడ పీట మీద ఎలా కూర్చుంటుందో అలా, నువ్వు పొడుగ్గా లేచావంటే ఆమె ఇంటి దగ్గర నుంచే పట్టేస్తుంది. అప్పట్నించీ కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదట నేర్పేది ఆ మాటే.

పదిహేనేళ్ళు. ఆయన కళ్ళు బాగున్న పద్నాలుగేళ్ళూ, ఆ తర్వాత ఈ ఏడాదీ. రత్నకుమారి మనసులో లెక్క కుదిరింది.

సుబ్బరాజు ఐదుగురినీ దగ్గరికి పిలిచాడు. హెల్మెట్లు తీసి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయన ఇంగ్లీషు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. కళ్ళు పాడయ్యాయని, ఏడాది నుంచి దాచానని, అది తప్పని, శనివారం నుంచి లైన్ సియోనే చూసుకుంటాడని నాలుగు వాక్యాల్లో చెప్పేశాడు.

సియోనే గడ్డం గోక్కున్నాడు.

"హ్యాంగ్ ఆన్, కోచ్. మరి ఈ ఏడాది మా మార్కులు వేసిందెవరు?"

సుబ్బరాజు చెయ్యి భార్య వైపు తిరిగింది.

"నో వండర్. ఈ సీజన్లో నాకు అన్నీ మైనస్‌లే," అన్నాడు సియోనే. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక అతని గొంతు మారింది. "కోచ్, లైన్ నేను చూసుకుంటా. కానీ సండే షీట్ మాత్రం మీ ఇంటి నుంచే రావాలి. ఇద్దరి దగ్గర నుంచీ. ప్లీజ్, ఆంటీ."

ఆమె తల ఊపింది.

ఆటగాళ్ళు మళ్ళీ వరస కట్టారు. సైడ్‌లైన్‌కి బాగా వెనక, కంచె దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. చలికి ఆమె శాలువా సగం ఆయన భుజం మీద కప్పింది.

"ఇన్నేళ్ళలో ఒక్క ముక్క చెప్పలేదేంటండీ, నా పీట మాట వీళ్ళకి చెప్తున్నారని?"

"గ్రౌండ్ పేరెత్తితే లేచెళ్ళిపోయేదానివి. స్ట్రెచర్ గుర్తొచ్చేది నీకు."

అది నిజమే. ఆమె కళ్ళు తుడుచుకుని ముందుకి చూసింది. లైన్ కదిలింది. వెంటనే ఆమె వేళ్ళు ఆయన మోచెయ్యి మీద బిగుసుకున్నాయి.

"కుడి చివరోడు మళ్ళీ ముందే లేచేస్తున్నాడండీ."

"నాకెందుకు చెప్తావు? వాడికి చెప్పు."

ఒక్క క్షణం సందేహించింది. తర్వాత, మేడ మీద ఆడుకుంటున్న కూతుర్ని అన్నానికి పిలిచిన గొంతుతో, గ్రౌండంతా వినబడేలా పిలిచింది.

"పీట!"

ఐదు నడుములూ ఒక్కసారిగా కిందికి దిగాయి. అది సుబ్బరాజుకి కనపడలేదు. గడ్డి మీద ఐదు జతల బూట్లు ఒకే చప్పుడుతో కుదురుకోవడం మాత్రం వినబడింది.

"ప్లస్సేనా?" అని అడిగాడు.

"ప్లస్సేనండీ," అంది రత్నకుమారి. "ఇంటికెళ్ళగానే గరాజ్‌లోంచి పీట తెచ్చుకోవాలి."