పాత టేపులో కొత్త కూత

కార్ఖానా బస్టాప్‌లో, పట్టపగలు, అంతమంది జనం మధ్య ఏజెంట్ సూరి కుప్పకూలిపోయాడు. వడదెబ్బ అనుకుని ఎవరో మొహాన నీళ్లు చల్లారు. మెడ వెనక ఉన్న సూదిగాటు పోస్ట్‌మార్టమ్‌లోనే బయటపడింది.

మర్నాడు సైనిక్‌పురిలో, కర్టెన్లు దించిన ఒక గదిలో, చీఫ్ రామభద్రరావు ఎదుట యెషయా కూర్చున్నాడు. అతను ఫీల్డ్ ఏజెంట్ కాదు. శత్రువుల ఫోన్ సంభాషణలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినే డెస్క్ ఉద్యోగి.

"మిసైల్ డ్రాయింగులు చోరీ అయ్యాయి. విదేశీ ముఠా వాటిని యూనివర్సిటీ డిజిటల్ ఆర్కైవ్‌లో ఎక్కడో దాచింది. రేపు మధ్యాహ్నం ప్రారంభోత్సవంలో వీసీ బటన్ నొక్కగానే ఆర్కైవ్ నకలు మొత్తం విదేశీ సర్వర్‌కి వెళ్తుంది. అక్కడ వాళ్ల మనిషి కాచుకుని ఉన్నాడు."

"ఫంక్షన్ ఆపించలేమా సార్?"

"ఆపితే సూరిని చంపినవాళ్లు మాయమైపోతారు. లోపల మన ఏజెంట్ సుమిత్ర ఉంది. నీ చొక్కా గుండీలో మైకు ఉంటుంది. మేం వింటూనే ఉంటాం."

"జెర వేరే ఎవరినైనా..." నసిగాడు యెషయా.

"సూరి స్కానింగ్ విభాగమంతా వెతికాడు, ఏమీ దొరకలేదు. మిగిలింది వినాల్సినవి. నీకంటే బాగా వినేవాడు మనకు లేడు."

ఆ సాయంత్రమే ఆడియో టెక్నీషియన్ వేషంలో వెళ్లిన యెషయాను సుమిత్ర ఆర్కైవ్ గుమ్మంలోనే కలిసింది. నెమలికంఠం రంగు చీర, తలమీదికి తోసిన చలువ కళ్లద్దాలు, గదంతా పరుచుకున్న సెంటు.

"చెదలు పట్టాయా?" అన్నాడు యెషయా, పాఠం అప్పజెప్పినట్టు.

"మందు కొట్టించాం." కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది.

లోపల ఒక లోకమే ఉంది. తాటాకు గ్రంథాలు, గాజు నెగటివ్‌లు, నాటకాల వాల్‌పోస్టర్లు, రంగు వెలిసిన శుభలేఖలు, నిజాం రైల్వే మ్యాపులు, గ్రామఫోన్ రికార్డులు. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. జోలపాటలు, బుర్రకథలు, చర్చి కీర్తనలు, చేపల రేవుల్లో కేకలు... యెషయా వింటూనే ఉన్నాడు. వెనక చెప్పుల చప్పుడైతే చాలు, చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయేది.

మర్నాడు మధ్యాహ్నం పక్క హాల్లో ప్రార్థనాగీతం మొదలైంది. అప్పుడు తగిలిందది. 'లాలాగూడ వర్క్‌షాపు కార్మికుల పాట, 1951.' పాట వెనక దూరంగా ఒక రైలు కూత.

యెషయా మళ్లీ విన్నాడు. అతను పుట్టి పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లోనే. అది డీజిల్ ఇంజన్ హారన్. యాభై ఒకటిలో అక్కడ తిరిగినవి బొగ్గింజన్లు! ఎవరో ఈమధ్యే పాడించి, పాత టేపని పేరు పెట్టారు. పాట అడుగున సన్నగా గరగర. డ్రాయింగులను శబ్దంగా మార్చి అందులో కలిపేశారు.

"మేడమ్! దొరికింది!"

సుమిత్ర వచ్చి, తలుపు గడియ పెట్టింది.

"సూరి కూడా ఇక్కడిదాకా వచ్చాడు," అంది మెల్లగా. "మొన్న బస్టాప్‌లో మీ చీఫ్‌కి ఫోన్ చెయ్యబోతున్నాడు, పాపం."

"మీరు... మనవాళ్లు కదా?"

"రెండు వైపుల మనిషిని." ఆమె వేలి ఉంగరంలోంచి సన్నటి సూది బయటికి వచ్చింది.

పక్క హాల్లో చప్పట్లు మోగాయి. వీసీ బటన్ నొక్కారు. స్క్రీన్ మీద పచ్చపట్టీ పాక్కుంటూ చివరికి దగ్గరవుతోంది. తల్లి నేర్పిన ప్రార్థనలో మొదటి మాట కూడా గుర్తు రాలేదు. సెంటు వాసన మొహం మీదికి వచ్చింది.

యెషయా కాళ్లలో సత్తువ పోయింది. కుర్చీలోంచి జారి గోనెమూటలా కిందపడ్డాడు. సూది కుర్చీ వీపులో దిగి పుటుక్కున విరిగింది. పడుతూ పడుతూ చేతికి అందిందల్లా పట్టుకున్నాడు. సర్వర్ వెనక కేబుళ్ల కట్ట మొత్తం ఊడి అతని మీద పడింది.

పచ్చపట్టీ చివరి గడి ముందు ఆగిపోయింది.

మైకులో అంతా విని, తలుపు విరగ్గొట్టుకుని వచ్చిన చీఫ్ మనుషులు సుమిత్ర చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. రామభద్రరావు వంగి, కేబుళ్ల కిందనుంచి యెషయాను లేపాడు. అతని పళ్లు ఇంకా టకటకలాడుతున్నాయి.

"ఏం సాహసమయ్యా!"

"సాహసం గిట్ల ఏం లేదు సార్. భయానికి కాళ్లు పనిచెయ్యలే. పడిపోయిన."

చీఫ్ అతని భుజం మీది దుమ్ము దులిపాడు.

"రిపోర్టులో 'వ్యూహాత్మకంగా నేలను ఆశ్రయించెను' అని రాయిస్తాలే."