హిప్నాటిజంలో నోరు జారదట

సూది కంటపడగానే బేకరీ అబ్బాయి కుర్చీలోంచి లేచి, మెడలో కట్టిన నీలం గుడ్డతో సహా వీధిలోకి పరుగు తీశాడు. వెనకాలే డెంటల్ డాక్టరు గుమ్మంలోకి వచ్చింది.

"బేకరీ గారూ, ఆ గుడ్డ మా క్లినిక్‌ది."

అతను ఆగాడు. ఎడమ బుగ్గ బన్నులా ఉబ్బి ఉంది. "సారీ డాక్టర్ గారూ. అదే తగ్గిపోతుందేమో, చూద్దాం."

"లోపల చీము పట్టింది. మందులు వారం కాస్తాయి, అంతే. తర్వాత పన్ను తీయాల్సిందే."

బేకరీకీ క్లినిక్‌కీ మధ్య ఒకటే గోడ. "మీ కేకులు చల్లగా ఉంటేనే నా క్లినిక్ నడుస్తుంది" అని ఆమె ఆటపట్టించిన రోజున, అతను కేకుల మీద రాసే బర్త్‌డే అక్షరాలన్నీ వంకర పోయేవి. ఏడాదిగా ఇదే వరస. మనసులో మాట మాత్రం గొంతు దాటలేదు.

"పై అంతస్తులో మా మేనత్త హిప్నోథెరపీ చేస్తుంది. సూది భయానికి పనికొస్తుంది, వెళ్ళండి" అందామె.

హిప్నాటిజం అతను చిన్నప్పుడు స్టేజీ మీద చూశాడు. ఇంద్రజాలికుడు చిటిక వేస్తే ఒక పెద్దమనిషి కోడిలా కూశాడు. తననీ అలాగే పడుకోబెడితే? లోపలున్నదంతా కక్కేస్తే? అదీ ఆమె మేనత్త ముందు. అంతకంటే సూదే నయం అనుకున్నాడు. కానీ సాయంత్రానికి పన్ను ఒక్క సలుపు సలిపేసరికి, బుగ్గ పట్టుకుని మెట్లెక్కాడు.

గదిలో ఊగే గడియారాలేం లేవు. ఒక వాలుకుర్చీ, టేబుల్ ఫ్యాను, కళ్ళజోడు తుడుచుకుంటున్న మేనత్త.

"సూది సంగతి తర్వాత నాయనా. ముందు నేనంటే భయమేమిటో చెప్పు."

"స్పృహ పోతుందాండీ?"

"పోదు. వీధిలో హారన్ కూడా వినిపిస్తుంది."

"మళ్ళీ లేవకపోతే?"

"ఇంతవరకూ అందరూ లేచి ఇళ్ళకే వెళ్ళారు. ఈ కుర్చీలో ఎవరూ కాపురం పెట్టలేదు."

"స్టేజీ మీద ఒకాయన కోడిలా కూయడం చూశానండీ. అడిగినవన్నీ కూడా చెప్పేస్తారట కదా. నోరు జారితే?"

ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసింది. "చెప్పకూడనిది ఏమైనా ఉందా?"

"లేదండీ" అన్నాడు, మరీ తొందరగా.

"ఉన్నా ఫర్వాలేదు. నీకిష్టం లేని మాట నీ నోట రాదు. కావాలంటే అబద్ధం కూడా ఆడొచ్చు. ఆ స్టేజీ మనిషి కూద్దామని సిద్ధపడే ఎక్కి ఉంటాడు. పగ్గాలు నీ చేతిలోనే ఉంటాయి, నేను దారి చూపిస్తానంతే."

కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి నెమ్మదించాక, నీకు హాయిగా ఉండే చోటికి వెళ్ళమంది ఆవిడ. అతను తన ఓవెన్ ముందుకు వెళ్ళాడు. బ్రెడ్ పొంగుతున్న వాసన, మొహానికి తగిలే వెచ్చదనం. కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడం వినిపించింది. డాక్టరు గారి నవ్వూ వినిపించింది. మనసులో మాట మాత్రం ఉన్నచోటే బుద్ధిగా కూర్చుంది.

కళ్ళు తెరిచేసరికి భుజాలు తేలికపడ్డాయి. "ఇంతేనా అండీ?"

"ఇంతే. మంత్రం కాదు, సాధన. ఇంకో రెండుసార్లు రా. భయం ఉంటుంది, కానీ నిన్ను వీధిలోకి మాత్రం తరమదు."

వారం తిరిగాక మళ్ళీ డెంటల్ కుర్చీ ఎక్కాడు. అరచేతులు చెమటలు పట్టాయి. కళ్ళు మూసుకుని ఓవెన్ దగ్గరికి వెళ్ళాడు. సూది చురుక్కుమంది, తర్వాత దవడ మొద్దుబారింది. కాసేపటికి స్టీలు గిన్నెలో పన్ను టంగుమని పడింది.

"అయిపోయింది. దూది గట్టిగా కరిచిపట్టుకోండి" అందామె. అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆమె మాస్కు తీసింది. గ్లవ్స్ తీసింది. ఇంక తీయడానికేం లేక అడిగింది. "పైన మా అత్తకి ఏమైనా చెప్పారా?"

అతను అడ్డంగా తలూపాడు.

"ఏమీ చెప్పలేదా?" ఆమె మొహం చిన్నబోయింది. "అక్కడైనా నోరు జారతారనుకున్నాను. అలా జరగదని నాకు తెలుసు. అయినా ఆశపడ్డాను."

అతను దిగ్గున లేచి కూర్చున్నాడు. మొద్దుబారిన పెదవి 'మ' పలకనివ్వలేదు.

"నీరంటే నాకిష్టం."

"నీళ్ళా? ఇప్పుడే పుక్కిలించకూడదు."

తల అడ్డంగా ఊపి, ఆమె వైపు వేలు చూపించాడు. "నీరు. డాక్టర్ గారు."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. "ఈ మాటకి ఏడాది పట్టిందా?" అని, మెల్లగా చెప్పింది. "నాకూ ఇష్టమే. కానీ ఇకనుంచి మీ పళ్ళు వేరే డాక్టరుకి చూపించుకోవాలి. నా పేషెంటుతో నేను సినిమాకి వెళ్ళను."

దూది కరిచిపట్టుకునే నవ్వాడతను.

ఇద్దరూ కలిసి మెట్లెక్కారు. తలుపు తీసిన మేనత్త ఒకరి తర్వాత ఒకరిని పరకాయించి చూసింది.

"ఇద్దరూ పూర్తి మెలకువలోనే ఉన్నారా?"

"ఉన్నామత్తా" అంది మేనకోడలు. అతను పక్కన నిలబడి గట్టిగా తలూపాడు.

"అయితే రండి, కూర్చోండి. మీ నాన్నతో నేను మాట్లాడతాలే" అంటూ ఆవిడ ఫ్యాను వాళ్ళ వైపు తిప్పింది.