మేకు లేని పుస్తకం

"ఆ బోర్డు మీదున్న థీసిస్‌లలో ఒకటి బాంబు. ఏదో తెలీదు."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గున్వోర్ గొంతు మామూలుగానే ఉంది. స్టాక్‌హోమ్‌లోని ఆ యూనివర్సిటీ కారిడార్‌లో స్వీపర్ వేషంలో, తుడుపు కర్ర పట్టుకుని నిలబడ్డాడు ఏజెంట్ సిక్స్టెన్. పదడుగుల దూరంలో ఇల్వా స్నేహితుల మధ్య నవ్వుతోంది. ఒక చేతిలో ఆమె రాసిన థీసిస్, రెండో చేతిలో సుత్తి. కేకు కోయడం అయిపోగానే దాన్ని అందరి ముందూ బోర్డుకి మేకుతో కొట్టాలి. డాక్టరేట్ చేసే ప్రతి ఒక్కరూ పాటించే ఇక్కడి ఆచారం అది.

ఇల్వా అతని ఒక్కగానొక్క కూతురు.

"ఆమె సుత్తి దెబ్బకే అది పేలుతుంది" అంది గున్వోర్. "మంచు కింద సీల్ జంతువుల అరుపుల మీద రాసింది కదా మీ అమ్మాయి? అదే లెక్కతో దొంగచాటుగా వచ్చే సబ్‌మెరైన్లని పట్టేయొచ్చట. ఆ పరికరం తయారు చేయగలిగింది ఆమె ఒక్కతే. పరాయి ముఠా చదివి పసిగట్టింది. మనవాళ్లు ఒక్కరూ చదవలేదు."

"తండ్రి కూడా చదవలేదు చీఫ్. వెళ్లి ఆపేస్తాను."

"ఆపినా, పరుగెత్తినా వాళ్ల మనిషి రిమోట్ నొక్కేస్తాడు. నింపాదిగా వెతుకు. డబ్బీ ఉందా?"

జేబులోనే ఉంది. చూడ్డానికి పెదవి కింద పెట్టుకునే పొగాకు డబ్బీ. బాంబుకి అంటించి మూత తిప్పితే చాలు, దాని సర్క్యూట్ చచ్చిపోతుంది. కానీ ఒక్కసారే పనిచేస్తుంది.

"ఎలా గుర్తుపట్టను?"

"దొంగ థీసిస్ కదయ్యా! పేరు విచిత్రంగా ఉంటుంది."

నేల తుడుస్తూ బోర్డు దగ్గరికి చేరాడు. వరసగా పేర్లు చదివాడు.

'రెయిన్‌డీర్ దూడల పాలపళ్లలో సీసం.' 'మఠాల్లో ఆవలింత: సన్యాసినుల మీద అధ్యయనం.' 'మెట్రో రైల్లో ముక్కు చీదడంలోని మర్యాదలు.' 'నాచు మీద వెన్నెల ప్రభావం.' 'ఉడికిన బంగాళాదుంప ఎందుకు పగులుతుంది?'

"చీఫ్, అన్నీ దొంగవిలాగే ఉన్నాయి!"

"అయ్యో రాత! మనం పన్నులు కట్టేది వీటికా?"

అవతల కేకు అయిపోయింది. ఇల్వా మేకు తీసుకుంది. సిక్స్టెన్‌కి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత భయం ఎరగడు.

గుప్పున సెంటు వాసన. ఎర్ర కోటులో డాగ్నీ పక్కన నిలబడింది. అటూ ఇటూ రెండు వైపులా జీతం తీసుకునే అందగత్తె. బాంబు సంగతి ఉప్పందించింది కూడా ఆమే.

"బంగాళాదుంప" అని గొణిగింది. "నా కళ్లతో చూశాను డియర్. త్వరగా!" అనేసి తలుపు వైపు నడిచింది.

సిక్స్టెన్ డబ్బీ తీసి ఆ పుస్తకానికి అంటించబోయాడు. వేళ్లకి మేకు తల తగిలింది. అడ్డదిడ్డంగా కొట్టిన లావుపాటి మేకు.

చెయ్యి ఆగిపోయింది. సుత్తి దెబ్బకి పేలేదానికి మేకు ఎలా కొడతారు? "చీఫ్, డాగ్నీ అబద్ధమాడింది, ఆమె మీద కన్నేయండి" అని గొణిగాడు.

వెర్రివాడిలా ఒక్కొక్కటే తడిమాడు. దూడల పళ్లకి మేకు. ఆవలింతకి మేకు. ముక్కుకి మేకు, నాచుకి మేకు. చిట్టచివర మూలన, ఇందాక పట్టించుకోని ఒక బుద్ధిమంతుడిలాంటి పుస్తకం: 'స్వీడన్ ఆర్థికాభివృద్ధి: ఒక పరిచయం.' దాన్ని సన్నటి దారంతో పక్క పుస్తకం మేకుకి వేలాడదీశారు.

వేలాడదీసిన మనిషి ఈ దేశంలో చదువుకోలేదు.

సుత్తి లేచింది. సిక్స్టెన్ డబ్బీ అంటించి మూత తిప్పాడు.

ఠంగ్!

మేకు దిగింది. చప్పట్లు మోగాయి. తలుపు దగ్గర డాగ్నీ చేతిసంచిలోని రిమోట్‌ని నొక్కుతోంది, మళ్లీ మళ్లీ నొక్కుతోంది. గున్వోర్ మనుషులు ఆమెకి చెరోపక్కా నిలబడి, మర్యాదగా చేతులు పట్టుకున్నారు.

"నాన్నా?" ఇల్వా నోరు తెరిచింది. "ఆ వేషమేంటి? ఏడుస్తున్నావేంటి?"

"ఏం లేదు తల్లీ. నీ పుస్తకం ఒకటివ్వు. ఇవాళే చదువుతాను."

ఇయర్‌పీస్‌లో గున్వోర్ అడిగింది: "ఇంతకీ ఏదయ్యా అది?"

"చూడగానే అర్థమయ్యే పేరు అదొక్కటే చీఫ్. ముందే అనుమానించాల్సింది."