తరుగు లేని సరుకు

డాక్టర్ భీమశంకరరావును చంపడానికి రెండు గుండ్లు చాలాయి. మూడోది హంతకుడి దుబారా. 2004 ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్న, కూర్మన్నపాలెంలోని తన ల్యాబ్‌లో ఆయన మైక్రోస్కోపు మీదే వాలిపోయాడు. గదిలోంచి పోయింది ఒకే ఒక్క వస్తువు, లిక్విడ్ నైట్రోజన్ క్యాన్.

ఫిషింగ్ హార్బర్ దగ్గర సింహాద్రి ఎండుచేపల కొట్లో ఫోను మోగింది.

"నెత్తళ్ళు ఉన్నాయా?"

"వానకి తడిసిపోనాయండి. వంజరం ఉంది."

కోడ్ కుదిరింది. చీఫ్ నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. క్యాన్ 'పెలికన్' అనే విదేశీ ముఠా చేతికి చిక్కింది, మధ్యాహ్నం పన్నెండింటికి వాళ్ళ ఓడ లంగరెత్తుతుంది.

సింహాద్రి పైకి ఎండుచేపల వ్యాపారి, లోపల సీక్రెట్ ఏజెంట్. నూట పద్దెనిమిది కిలోల మనిషి. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. డాక్టర్ పరీక్షిస్తున్న నలభై మంది లావుపాటి మగవాళ్ళలో అతనూ ఒకడు.

వ్యాపారికి అర్థమయ్యే భాషలోనే డాక్టర్ అతనికి విషయం చెప్పాడు. కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు. ఆ కొవ్వు గోదాములో అరోమటేజ్ అనే ఎంజైమ్ దళారీలా కూర్చుని, వచ్చిన టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. ఈస్ట్రోజన్ పెరిగేసరికి, స్టాకు నిండుగా ఉందనుకుని మెదడు ఆర్డర్లు తగ్గించేస్తుంది. కింద ఉత్పత్తి పడిపోతుంది. తయారైన కాసిని వీర్యకణాల్లోనూ ఫ్రీ రాడికల్స్ పందికొక్కుల్లా దూరి డిఎన్ఏను కొరికేస్తాయి.

ఆ దళారీని కట్టడి చేసే మందు వెతుకుతూ, డాక్టర్ ఆ ఎంజైమ్‌ను పదింతలు చేసే ద్రావణం కూడా కనిపెట్టేశాడు. రెండిటి నమూనాలూ ఆ క్యాన్‌లోనే ఉన్నాయి. ద్రావణం జవాన్ల రేషన్‌లో కలిస్తే, యుద్ధం లేకుండానే ఒక తరం మాయం. మందు పోతే, సింహాద్రి ఇంట్లో ఉయ్యాల ఆశ కూడా పోయినట్టే.

క్యాన్ హార్బర్‌లోని పాత ఐసు ఫ్యాక్టరీలో ఉందని కబురు పంపింది అనూరాధ. ఆమె డాక్టర్‌కి అసిస్టెంటు, ముఠాలో డిపార్ట్‌మెంట్ పెట్టిన వేగు.

ఫ్యాక్టరీలో ఇద్దరున్నారు. మొదటివాడు కత్తి తీసేలోపే సింహాద్రి వాడి తలను ఐసు దిమ్మకేసి మోదాడు. దిమ్మ పగల్లేదు. తల పగిలింది. రెండోవాడు హార్బర్ రౌడీ కన్నబాబు, ఐసు పొడిచే గునపంతో వచ్చాడు.

"ఏటి బావా, ఆయాసం వత్తందా? ఇంత ఒళ్ళేసుకుని ఎందుకొచ్చావ్?"

"ఒంటికీ పని సెప్దామని."

గునపం భుజాన్ని చీల్చింది. సింహాద్రి తప్పుకోలేదు, మీద పడ్డాడు. నూట పద్దెనిమిది కిలోల కింద కన్నబాబు పక్కటెముకలు ఎండు కొమ్మల్లా విరిగాయి. వాడి గునపమే వాడి గొంతులో దిగింది. ఐసు ఎర్రబడింది.

మూల గోనెసంచి కింద క్యాన్ దొరికింది. దాన్ని జెట్టీ మీదికి మోసుకొచ్చేసరికి అనూరాధ కారు దిగింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పెదాలు. నేరుగా తీసుకెళ్ళి చీఫ్ టేబుల్ మీద పెట్టమంది.

సింహాద్రి సంచిలోంచి స్ప్రింగ్ త్రాసు తీశాడు. పాత ఊళ్ళో డిపార్ట్‌మెంట్‌కి పనిముట్లు చేసే అబ్దుల్ రజాక్ ప్రత్యేకంగా చేసిచ్చిన సాధనం అది. క్యాన్‌ను కొక్కేనికి తగిలించి ఎత్తాడు. పద్నాలుగు కిలోల రెండు వందలు.

పరీక్షలకి వెళ్ళినప్పుడల్లా చూసి, ల్యాబ్ గోడమీది క్యాన్ బరువుల చార్టు అతనికి కంఠతా వచ్చు. నిన్న పొద్దున్న అంకె కూడా అదే. కానీ నైట్రోజన్ ఆవిరైపోతూ ఆ క్యాన్ రోజుకి రెండు వందల గ్రాములు తగ్గాలి. ఎండుచేపైనా, నైట్రోజనైనా, అసలు సరుక్కి తరుగు ఉంటుంది. చార్టు చూసి నకలు చేసినవాళ్ళు నిన్నటి బరువుకి గ్రాము తేడా రాకుండా చేశారు. ముఠా వైపు ఆ చార్టు చూడగలిగే మనిషి అనూరాధ ఒక్కతే.

క్యాన్ దించి నెమ్మదిగా అన్నాడు. "కొంచెం పట్టుకోమ్మా."

అనూరాధ రెండడుగులు వెనక్కి వేసింది.

"డాక్టర్ గారికి మూడో గుండు ఎందుకు?" అని అడిగాడు.

"అలవాటు," అంది ఆమె, పిస్తోలు తీసి కాల్చింది. గుండు అతని పొట్టలో దిగింది. వెంటనే లిప్‌స్టిక్ తీసి, అందులో దాచిన రిమోట్ మర తిప్పి కారువైపు పరుగెత్తింది. క్యాన్‌లో టిక్ టిక్ మొదలైంది.

సింహాద్రి మోకాళ్ళ మీద పడి త్రాసు మీట నొక్కాడు. స్ప్రింగు విడివడింది. కొక్కెం గాల్లో దూసుకెళ్ళి ఆమె మెడలో గుచ్చుకుంది. ఆమె కారు తలుపు మీద చెయ్యి వేసి అలాగే జారిపోయింది. అతను రెండు కాళ్ళూ కూడదీసుకుని క్యాన్‌ను సముద్రంలోకి తన్నాడు. అది నీళ్ళను తాకిందో లేదో పేలింది. నీటిగోడ లేచి జెట్టీ మీద విరిగిపడింది, పడవలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి.

కారు డిక్కీలో అసలు క్యాన్ ఉంది. సరిగ్గా రెండు వందల గ్రాములు తక్కువ.

మర్నాడు ఆస్పత్రిలో చీఫ్ మంచం పక్కన కూర్చున్నాడు. గుండు పేగుల దాకా పోకుండా కొవ్వులోనే ఆగిందని చెప్పి, క్యాన్ మూత లోపల దొరికిన డాక్టర్ నోట్సు చదివాడు. మందు తయారవడానికి ఇంకా పదేళ్ళు పడుతుంది. అంతదాకా పేషెంట్లు బరువు తగ్గాలి. కొవ్వు తగ్గితే అరోమటేజ్ తగ్గుతుంది, రెండు మూడు నెలల్లో కొత్త కణాలు తయారవుతాయి.

"ఇది టాప్ సీక్రెట్, సింహాద్రీ. ఇంట్లో కూడా అనకు."

సింహాద్రి కట్టు సర్దుకున్నాడు.

"మా ఇంట్లో అది తొమ్మిదేళ్ళ కిందటే లీకైపోనాదండి. అన్నం వడ్డించినప్పుడల్లా మా ఆడది సెప్తానే ఉంటాది."