వందన సమర్పణ జరగని గోష్ఠి

సోమవారం ఉదయం మొదలైన గోష్ఠి గురువారానికి కూడా ముగియలేదు. తాయారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ దాన్ని నడిపిస్తోంది. సదస్సు అంటే హాలు మాట్లాడుకోవడం, బ్యానరు కట్టించడం, అతిథుల కోసం స్టేషనుకి కారు పంపడం అనేవి ఆ కాలం వాళ్ళకి గుర్తు కూడా లేవు. ఎవరింట్లో వాళ్ళుంటారు. గోడకి ఆనించిన పలకలో సభ కనబడుతుంది. పైన వక్తలు, కింద శ్రోతలు. ఎవరికైనా ప్రశ్న ఉంటే వాళ్ళ బొమ్మ పక్కన చిన్న చెయ్యి లేస్తుంది.

గోష్ఠి ఏర్పాటు చేసేవాళ్ళ పాత కష్టం మాత్రం పోలేదు. వస్తామని ఒప్పుకున్నవాళ్ళలో సగం మంది ఆ పూటకి రారు. ఆ ఖాళీ కుర్చీల కోసమే పఠనచ్ఛాయ పుట్టింది.

డిజిటల్ గ్రంథాలయంలో మనిషి పుస్తకాన్ని చదువుతున్నంతసేపూ యంత్రం ఆ మనిషిని చదువుతుంది. ఏ వాక్యం దగ్గర చూపు ఆగింది, ఏ పేజీకి మళ్ళీ వెనక్కి వెళ్ళింది, ఎక్కడ విసుగొచ్చి మూసేసింది, అంచుల్లో ఏం రాసుకుంది అన్నీ దాచుకుంటుంది. ఒక జీవితకాలపు చదువుని అలా పోగుచేసి, ఎన్నడూ వినని ప్రశ్నకి ఆ మనిషి ఏమని జవాబిస్తాడో అంచనా కట్టే పద్ధతికి ఇంజనీర్లు రీడర్ సింథసిస్ అని పేరు పెట్టారు. తెలుగువాళ్ళు పఠనచ్ఛాయ అన్నారు, పోనుపోను ఉత్త ఛాయ అన్నారు. ఛాయకి మనిషి తిన్న తిండి తెలియదు, కన్న పిల్లలు తెలియదు. చదివిన తీరొక్కటే తెలుసు. గొంతు పాత రికార్డింగుల నుంచి తెచ్చి అతికిస్తారు.

బతికున్నవాళ్ళు తమ ఛాయని ఎన్ని సభలకైనా పంపుకోవచ్చు. పోయినవాళ్ళ ఛాయని, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే, ఒకే ఒక్క సభకి పిలవనిచ్చింది చట్టం. అధ్యక్షత వహించినవాళ్ళు వందన సమర్పణ చేసి ఆఖరి మాట అనగానే యంత్రం సభని మూస్తుంది, ఛాయని చెరిపేస్తుంది. మళ్ళీ పిలిచే వీల్లేదు.

తాయారు జమీలాని పిలిచింది.

ఇద్దరూ ఒంగోలు డిజిటల్ గ్రంథాలయంలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేస్తూ ముసలివాళ్ళయ్యారు. జమీలా అద్దంకిలో తమ్ముడింట్లో జబ్బుపడి ఉండగా గుండ్లకమ్మ పొంగి రోడ్లు తెగిపోయాయి. నీళ్ళు తీశాక తాయారు వెళ్ళేసరికి మంచం గోడకి నిలబెట్టి ఉంది. జమీలా తమ్ముడు కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. తరవాత చాలా రోజులకి ఛాయ కోసం అనుమతి అడిగితే అతను వెంటనే ఒప్పుకున్నాడు.

‘డిజిటల్ గ్రంథాలయం దేన్ని పారెయ్యాలి?’ అన్నది గోష్ఠి విషయం. ఆ స్నేహితురాళ్ళు ఉద్యోగమంతా తగువులాడుకున్నది దాని గురించే. దేన్నీ పారెయ్యకూడదని తాయారు వాదన. తాయారు ముసాయిదాల అంచుల్లో జమీలా రాసిన చురకలన్నీ యంత్రంలో ఉన్నాయి కాబట్టి, మొదటిరోజు ఛాయ నోరు తెరవగానే జమీలాయే వచ్చి కూర్చున్నట్టయింది.

“పారెయ్యడం చేతకాని గ్రంథాలయం గోడౌను. మా తాయారుని అడగండి, ఎలక కొరికిన కాయితానికి కూడా ఇంకో కాపీ తీయిస్తది,” అంది.

అలాగైతే మీ ఛాయని ఏం చేయమంటారని శ్రోతల్లో ఎవరో అడిగారు.

“చెరిపెయ్యండి. ఒక పూట పనికొస్తా. తరవాత చోటు దండగ.”

అందరూ నవ్వారు. తాయారు కూడా నవ్వి, నీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

అనుకున్న సమయం అయిపోయింది. మిగతా ఇద్దరు వక్తలు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. వందన సమర్పణ కాయితం తాయారు చేతిలోకి తీసుకుంది. అప్పుడు ఒక చెయ్యి లేచింది. చెయ్యెత్తిన మనిషిని పట్టించుకోకుండా సభ ముగించడం మర్యాద కాదు. అడగమంది. జవాబు అయ్యేలోపు ఇంకో చెయ్యి లేచింది. ప్రాణం లేచొచ్చినట్టయి తాయారు కాయితం పక్కన పెట్టేసింది. ఆ తరవాత ఆమె అన్నం తిన్నా, నడుం వాల్చినా, పక్కింటికి వెళ్ళొచ్చినా పలకలో ప్రశ్నలూ జవాబులూ సాగుతూనే ఉన్నాయి. ఇల్లంతా జమీలా గొంతు.

గురువారం పొద్దున, సదస్సు సాంకేతిక పనులు చూసే రాజరత్నం పలకలోకి వచ్చాడు. తరవాతి గోష్ఠి వాళ్ళు సోమవారం నుంచీ గుమ్మంలో నిలబడ్డారని, వాళ్ళలో ఒకాయన అలిగి తన పత్రాన్ని వెనక్కి తీసుకున్నాడని చెప్పాడు.

“ఇది సదస్సా, సప్తాహమా తాయారక్కా?” అన్నాడు.

చేతులు దిగలేదు, తనేం చేస్తుందని ఆమె అంది. అతను నిట్టూర్చి, సాయంత్రం దాకా చూస్తానన్నాడు.

జమీలాని ఉడికిద్దామనిపించి తాయారు పాత తగువే తీసింది.

“జమీలా, చెన్నై వాళ్ళు పంపిన స్కానులు రెండేసి కాపీలున్నై. ఒకటి చెరిపేద్దామా?”

“ఎందుకులే తాయారూ, ఉండనీ. నువ్వు చెప్పిందే నిజం. దేన్నీ పారెయ్యకూడదు.”

తాయారు చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. అదే గొంతు. మాట చివర తేలిపోయే ఆ యాస కూడా అదే. కానీ జమీలా ఎన్నడూ ఆ మాట అనలేదు. నిజమైనా సరే, తాయారు నోటినుంచి వచ్చిందంటే ముందు కాదని, ఆనక ఆలోచించే మనిషి. తాయారు ఇంకోటి అడిగింది, కావాలనే తప్పుగా అడిగింది. దానికీ అవునంది ఛాయ. ఎంతో ప్రేమగా అంది.

వెంటనే రాజరత్నాన్ని పిలిచింది. అతను లోపలి వివరాలు చూసి, అందులో వింతేమీ లేదన్నాడు. సభ తెరిచి ఉన్నంతసేపూ ఛాయ కూడా చదువుతూనే ఉంటుంది. దాని ముందుకొచ్చే ప్రతి ప్రశ్నా దానికొక పేజీయే. ఇన్నాళ్ళూ అందరూ అడిగినదాని సారం ఒక్కటే, మీరు వెళ్ళకండి అని. అదే చదివింది, అదే ఒంటబట్టింది.

“ఇంకో వారం ఉంచితే?” అని అడిగింది తాయారు.

“పేరు మాత్రం ఆవిడదే ఉంటది.”

తాయారు చేతులు కడుక్కుని పలక ముందు నిటారుగా కూర్చుంది. సభ ముగిస్తున్నామని, దయచేసి అందరూ చేతులు దించాలని కోరింది. ఒక్క చెయ్యీ దిగలేదు. ఒకావిణ్ణి పేరు పెట్టి పిలిచి, ఏమిటమ్మా ఇంకా అని అడిగింది. ఇంకొక్కటే అడగాలండి అని ఆమె మెల్లగా చెప్పింది. పక్కాయన్ని అడిగితే అతనూ అదే మాట, అంతే మెల్లగా. కింది వరసలో ఎవరినడిగినా ఇంకొక్కటే అన్నారు. వాళ్ళ మొహాల్లో తొందర లేదు, అలసట లేదు. ఇన్నాళ్ళూ ఒకరూ ఆవలించలేదని తాయారుకి అప్పుడు తట్టింది.

“రాజరత్నం, వీళ్ళెవరో ఒకసారి చూడు.”

అతను చూశాడు.

“ఛాయలు అక్కా. అందరూనూ. సోమవారం మధ్యాహ్నానికే మనుషులు లేచెళ్ళారు. బయటికెళ్ళే బటన్ ఒక్కరూ నొక్కలా. తమ బదులు ఛాయల్ని కూర్చోబెట్టి పోయారు. జమీలా మేడమ్ మాట్లాడతా ఉంటే మధ్యలో లేచిపోవడానికి ఎవరికి మనసొప్పుద్ది?”

“అయితే ఇందులో మనుషులు ఎవరున్నారు?”

“మీరున్నారు.”

మర్యాద అన్న సాకు కూడా పోయింది. తాయారు కాయితం తీసి చదవడం మొదలుపెట్టింది. వక్తలకి, శ్రోతలకి, సాంకేతిక సిబ్బందికి ధన్యవాదాలు చెప్పింది. జమీలా పేరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. నీళ్ళు తాగి మొదటినుంచీ చదివింది. మళ్ళీ అక్కడే ఆగింది. పైన జమీలా బొమ్మ ఆమెనే చూస్తూ ఉంది. తొందరపెట్టలేదు, వెక్కిరించలేదు. అసలు జమీలా అయితే కాయితం లాక్కుని తనే చదివేసి ఉండేది.

రాజరత్నం గొంతు తగ్గించి, అంత కష్టమైతే మీ ఛాయ చేత చదివించమని సలహా ఇచ్చాడు. అధ్యక్షుల ఛాయ చదివినా చట్టానికి సరిపోతుంది. తాయారుకి ముందు కోపం వచ్చింది. ఛాయల్ని కూర్చోబెట్టి పోయినవాళ్ళందరినీ ఇప్పుడే కదా మనసులో తిట్టుకున్నది. కానీ ఎంతసేపు కూర్చున్నా ఆ పేరు నోట రాలేదు. చివరికి తల ఊపింది. తన కుర్చీ ఛాయకి అప్పగించి, లేచి పెరట్లోకి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడింది.

లోపలినుంచి తన గొంతు వినిపించింది. వక్తలకి, శ్రోతలకి, సిబ్బందికి ధన్యవాదాలు చెబుతూ తడబడకుండా సాగింది. జమీలా పేరు చక్కగా పలికింది. తాయారు కళ్ళు మూసుకుంది.

“ముగించే ముందు,” అంది లోపలి గొంతు, “జమీలాని నేనొక్కటి అడగాలి.”

“అడుగు తాయారూ. తొందరేముంది,” అంది జమీలా.

తాయారు ఆ మాట ఛాయకి నేర్పలేదు. కానీ ఛాయకి ఆమె చదివిన తీరు తెలుసు. నచ్చిన పుస్తకాన్ని తాయారు ఎన్నడూ ఆఖరి పేజీ దాకా చదవలేదు. అయిపోతుందన్న దిగులుతో అక్కడిదాకా వచ్చి, వెనక్కి తిప్పి, మధ్యనుంచి మళ్ళీ మొదలుపెట్టేది. చిన్నప్పుడు తనంతట తను అక్షరాలు కూడబలుక్కున్న నాటినుంచీ అంతే. అలా తప్ప ఇంకోలా చదవడం ఆ ఛాయకి రాదు.

“తాయారక్కా, ముగించరేం?” అని లోపల రాజరత్నం పిలిచాడు.

“వింటున్నా రాజరత్నం. ఇంకొక్కటే,” అంది లోపలి తాయారు.

పెరట్లో ఉన్న తాయారు పలుకుదామని నోరు తెరిచింది. లోపల ఇద్దరూ పాత తగువులోకి దిగారు, ఒకరి మాట ఒకరు ఒప్పుకుంటూ, ఎవరూ ఊపిరి తీసుకోవడానికి ఆగకుండా. ఆమె కాసేపు విన్నది. తరవాత చెప్పులు వేసుకుని, లోపలివాళ్ళకి అడ్డు కాకుండా, చప్పుడు లేకుండా పెరటి తలుపు దగ్గరికి వేసి వీధిలోకి నడిచింది.